తెరమీది చెకుముకి తుపాకి

నెపోలియను కాలపు యుద్ధములను కథావస్తువుగా గైకొని 1993 మొదలు 1997 వరకు ఇంగ్లండులో ఐ.టి.వి. వారు ప్రసారము చేసిన 'షార్ప్' చిత్రములను చూచినవారికి, కథానాయకుడైన రిచర్డ్ షార్ప్ ముఖ మెంత జ్ఞప్తియందుండునో, అతని భుజమున వ్రేలాడు బేకరు రైఫిలును, అతని సహచరుడైన ఐరిష్ సార్జెంటు హార్పరు చేతిలోని ఏడు గొట్టముల వింత తుపాకియు అంతగానే జ్ఞప్తియందుండును. బెర్నార్డ్ కార్న్‌వెల్ నవలల నాధారము చేసికొని, స్పెయిను పోర్చుగలు దేశములలో 1808 నుండి 1814 వరకు ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని జరిగిన పోరును ఎక్కువభాగము చిత్రించిన యీ పదునాలుగు చిత్రములలో తొలివి ప్రధానముగ క్రిమియాలోను, తరువాతివి టర్కీలోను తీయబడినవి. సైనికుల ఉడుపులు కుట్టించుట, గుర్రములను సమకూర్చుట, బండ్లను ఫిరంగులను చేయించుట సామాన్యమైన పనులు కావు; అయినను రెండువందల యేండ్ల నాటి ఆయుధమును తెరమీద నమ్మదగినట్లు మ్రోగించుట వానియన్నిటికంటెను కష్టతరము. ఏలనన ఉడుపు చూపునకు సరిపోయిన చాలును. తుపాకి చూపునకు సరిపోయినంత మాత్రమున చాలదు, అది తన కాలపు నడకను నడువవలెను. దాని నిప్పు, దాని పొగ, అన్నిటికిని మించి దాని జాగు, ఈ మూడును తెరకెక్కినప్పుడే ఆ కాలము తెరకెక్కినట్లు. చెకుముకి తుపాకి యొక్క సత్యమంతయు దాని జాగులోనే యున్నదని నా దృఢాభిప్రాయము.

ఆ జాగునకు మూలమేమో తెలియవలెనన్న, తుపాకి కుడిప్రక్కను బిగింపబడిన చిన్న ఇనుపయంత్రమును దగ్గరగా చూడవలెను. రెండు దౌడల నడుమ తోలుముక్కలో చుట్టి మరతో బిగించిన చెకుముకిరాయి గల సుత్తి యొకటి. దాని కెదురుగా నిలువుగ లేచియుండు ఉక్కుపలక యొకటి. ఆ పలక అడుగుభాగమే మూతగా గల చిన్న పళ్లెము మరియొకటి. ఈ మూడును దానిలోని ప్రధానాంగములు. పళ్లెములో చిటికెడు సన్నని మందు పోయుదురు. దీనినే మనవారు రంజకమందురు. పళ్లెమునకు చేరువగ గొట్టము గోడలో సూదిబెజ్జము కంటె కొంచెము పెద్దదైన రంధ్ర ముండును. మీట నొక్కగనే స్ప్రింగు బిగువు విడి సుత్తి ముందుకు దూకును. రాయి పలక ముఖమును పైనుండి క్రిందికి గీచుచు దానిని ముందుకు త్రోసివేయును. ఆ త్రోపుతోనే పళ్లెపు మూత తెరచుకొనును. అదే క్షణమున నిప్పురవ్వలు రంజకముపై రాలును. ఈ రవ్వలు రాతినుండి పుట్టునని పెక్కుమంది తలతురు. అది సరికాదు. చెకుముకిరాయి ఉక్కుకంటె కఠినమైనది గావున, అది ఉక్కును గీకి కంటికానని సన్నని పొరలుగ చెక్కును. అట్లు చెక్కబడిన ఇనుపరజను అప్పుడే పుట్టిన తాజా లోహము, తుప్పు పొర యేమియు లేనిది, బరువు అత్యల్పము, గాలికి తగులు ఉపరితలమో దాని బరువుతో పోల్చిన మిక్కిలి యధికము. రాపిడివలన ముందే వేడెక్కియున్న యా రేణువులు గాలిలోని ఆమ్లజనితో కలిసి వేయి డిగ్రీలకు మించిన వేడిమితో మండిపోవును. కాలునది ఇనుము, రాయి దానిని చెక్కు ఉలి మాత్రమే. కావుననే నిపుణుడైన ఆయుధకారుడు చిత్రీకరణకు ముందు రాతి అంచును మాత్రమే గాక, పలక ముఖపు గట్టిదనమునుగూడ పరీక్షించును. పలక మెత్తబడినచో ఎంత పదునైన రాయియు నిప్పు రాల్చజాలదు.

రంజకము భగ్గున మండి, ఆ మంట రంధ్రముగుండ లోనికి దూరి, గొట్టములోని మందు నంటించి, ఆ మందు వాయువై విజృంభించి మూతివెంట వెలువడుటకు, మీట నొక్కినది మొదలు సెకనులో ఇరువదవ వంతు మొదలు పదవ వంతు వరకు పట్టును. ఇది మనకు లెక్కకురాని కాలముగ తోచవచ్చును. కాని గురిచూచి కాల్చువానికి అది చాల దీర్ఘమైనది. తన చెక్కిలికి అంగుళముల దూరమున పళ్లెములోనుండి మంటయు పొగయు లేచుచుండగా, కన్ను మూయక, చేయి వణకక, తుపాకిని కదలనీయక నిలుచుటయే ఆనాటి సైనికుని శిక్షణలో కఠినతమమైన పాఠము. స్కాట్లండులోని బెల్‌హెల్వీ గ్రామమున మతగురువుగ నుండిన అలెగ్జాండరు ఫోర్సైత్ నీటిపక్షుల వేటపై మక్కువ గలవాడు. పళ్లెపు మెరుపును చూచి పక్షులు గుండు చేరులోపల నీట మునిగి తప్పించుకొనుచుండుటచే విసిగి, దెబ్బ తగిలినంతనే ప్రేలు రసాయనముతో రంజకమును మార్చు ఉపాయమును కనిపెట్టి 1807లో పేటెంటు పొందెను. చెకుముకి యంత్రమును పారద్రోలిన నూతనయుగ మా పక్షుల చురుకుదనమున నారంభమైనదనవచ్చును. ఆ రెండు పద్ధతులకును గల అంతరము 1834లో ఇంగ్లండున జరిపిన పరీక్షలో స్పష్టపడినది: చెకుముకి తుపాకులతో ఆరువేల మారులు కాల్చగా 922 మారులు మందు అంటుకొనలేదు, క్రొత్త పద్ధతి తుపాకులతో ఆరువేలలో 36 మారులు మాత్రమే తప్పినవి.

ఇక ఈ జాగును కెమెరా ఎట్లు చూచును? చలనచిత్రము సెకనుకు 24 ఫ్రేములు పట్టును. అనగా ఫ్రేమునకు ఫ్రేమునకు నడుమ సెకనులో ఇరువదినాల్గవ వంతు కాలము. పళ్లెపు మెరుపునకును మూతి మెరుపునకును గల వ్యవధి సుమారు ఒకటి రెండు ఫ్రేములకు సరిపోవును. కావున నిజముగ కాల్చిన చెకుముకి తుపాకిని ఫ్రేము వెంట ఫ్రేముగ నిలిపి చూచినయెడల, మొదట సుత్తి కదలుటయు, పిదప పళ్లెమునొద్ద తెల్లని మెరుపును చిన్న పొగబంతియు, మరి ఒకటి రెండు ఫ్రేములకు మూతియొద్ద నారింజవన్నె మంటయు, వరుసగ కానవచ్చును. చూచువాని కన్ను ఈ వరుసను విడదీసి గుర్తింపకపోయినను, మనస్సు గ్రహించును. 'ఛుక్'మని యొకటి, వెంటనే 'ఢామ్'మని మరియొకటి కలిసిన జంటశబ్దము చెవికి తెలియును. కంప్యూటరుతో మంటలు గీయు ఈనాటి చిత్రకారులు మూతియొద్ద మంటను మాత్రము అతికించి పళ్లెమును చల్లగా విడిచిపెట్టుట నేను పెక్కు చిత్రములలో చూచితిని. అట్టి దృశ్యములలో తుపాకి ఆకారము పదునెనిమిదవ శతాబ్దిది, ప్రవర్తన ఇరువదవ శతాబ్దిది.

మంట తరువాత పొగ. నాటి నల్లమందులో బరువు లెక్కను 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము ఉండును. సురేకారము తనలో బంధించియుంచుకొన్న ఆమ్లజనిని విడుచును. బొగ్గు దానితో కాలును. గంధకము సులభముగ అంటుకొనుటకు తోడ్పడును. గాలితో నిమిత్తము లేకయే గొట్టములో మందు కాలుటకు కారణ మిదియే. కాని యీ దహనము సంపూర్ణముగ వాయువులనే పుట్టింపదు. కాలిన మందులో సగమునకు మించిన బరువు పొటాసియము లవణముల రూపమున సన్నని ఘనరేణువులై మిగులును. ఆ రేణువులే దట్టమైన తెల్లపొగగ మైదానమును క్రమ్మివేయును. రెండుమూడు వరుసల సైనికులు మూడు నాలుగు మారులు కాల్చిన పిమ్మట, గాలి లేని దినమున, ఎదుటివారెవరో కానరాని స్థితి యేర్పడును. ఎఱ్ఱని కోట్లు, మెరయు బొత్తములు, రంగురంగుల జెండాలు, బిగ్గరగ మ్రోగు డోళ్లు ఆనాటి యుద్ధములలో నేల యుండెనో ఈ పొగను చూచినవారికి సులభముగ బోధపడును. 1884లో ఫ్రాన్సు దేశపు పాల్ వియే పొగరాని మందును తయారుచేయువరకు యుద్ధభూమి వర్ణము తెలుపే. చారిత్రకచిత్రములలో ఆధునికమందు నింపిన తూటాలు వాడినచో ఈ తెలుపు రాదు. దర్శకుడు పొగయంత్రములతో దానిని వేరుగ పుట్టింపవలసి వచ్చును, ఆ పొగ తుపాకులనుండి గాక పొదలనుండి వచ్చినట్లుండును.

సురేకారము మాట వచ్చినది గావున, ఇందు మన దేశమునకు గల పాత్రను చెప్పక విడువరాదు. పాతగోడల మట్టిని, పశువులశాలల మట్టిని, చవుటినేలల పెచ్చులను నీట కలిపి, వడగట్టి, కాచి, సురేకారమును తీయు వృత్తి మన దేశమున పురాతనమైనది. అందును బీహారు ప్రాంతపు సరకు నాణ్యమునకు పేరొందినది. ప్లాసీ యుద్ధానంతరము ఆ వ్యాపారము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ హస్తగతమాయెను. నెపోలియనుతో పోరిన ఇంగ్లండు సేనల తుపాకులలో కాలిన సురేకారములో అత్యధికభాగము గంగాతీరపు పల్లెలలో పుట్టి ఓడలపై పోయినదే. షార్ప్ చిత్రములలో స్పెయిను కొండలపై లేచు పొగలో మన మట్టియొక్క సారము కలదని తలచుకొన్నచో, ఆ చరిత్ర మనకంత దూరమైనది కాదనిపించును.

తుపాకుల విషయమునను ఇట్టి సంబంధమే యున్నది. ఆ చిత్రములలో ఎఱ్ఱకోటుల కాల్బలము ధరించు 'బ్రౌన్ బెస్' అను నున్నని గొట్టపు తుపాకి ఆ కాలమున వాడుకలో నుండిన రూపమునకు 'ఇండియా పేటర్ను' అని పేరు. పూర్వపు తుపాకుల గొట్టము 42 అంగుళములు. కంపెనీవారు తమ సేనలకై 39 అంగుళముల గొట్టముతో, తక్కువ ఖర్చుతో, తక్కువ అలంకారముతో దీనిని చేయించుకొనిరి. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి ఆయుధములు చాలనప్పుడు ఇంగ్లండు ప్రభుత్వము కంపెనీ గిడ్డంగులలోనివానిని కొనివేసి, 1797 నాటికి దానినే తన సొంత నమూనాగ స్వీకరించెను. మద్రాసు సైన్యమున చేరిన మన ఉత్తర సర్కారుల తెలుగు సిపాయిల భుజములకెక్కిన తుపాకియు, వాటర్లూలో నిలిచిన ఇంగ్లీషు సైనికుని భుజమున నుండిన తుపాకియు ఒక్క వంశమువే.

ఈ తుపాకి గొట్టపు వ్యాసము ముప్పాతిక అంగుళము. లోనికి పోవు సీసపుగుండు వ్యాసము అంతకంటె చాలినంత తక్కువ. కాలిన మందు మసి గొట్టము లోపల పేరుకొని ఇరుకు చేయుచుండును గావున, గుండు సులభముగ జారుటకై ఈ సందు విడిచిరి. దానివలన వేగముగ దట్టించుట సాధ్యమాయెను గాని గురి చెడెను. నూరుగజములు దాటిన పిమ్మట ఒంటరి మనుజుని కొట్టుట అదృష్టాధీనము. గురి లేనందుననే వందలమంది భుజము భుజము కలిపి ఒక్కుమ్మడి కాల్చిరి, శిక్షణయంతయు వేగమునకే. సుశిక్షితుడైన సైనికుడు నిమిషమునకు మూడు మారులు కాల్చువాడు. 'షార్ప్స్ ఈగిల్' అను చిత్రమున కథానాయకుడు అనుభవములేని పటాలమునకు ఈ వేగమును నేర్పు ఘట్టము ప్రసిద్ధమైనది: తూటా కాగితమును పండ్లతో చించుట, మందు పోయుట, నోటనున్న గుండును గొట్టములో ఉమియుట, దట్టించు కడ్డిని తీయక తుపాకి మొదలును నేలపై తట్టి గుండును దింపుట. రణరంగమున కొందరు తొందరపడి చేసిన పని యిది; గుండు సరిగ దిగక దెబ్బ పలుచబడునను లోపము దీనికి కలదు. అయినను చిత్రనిర్మాతకు దీనిలో గొప్ప సౌలభ్యము గలదు. కడ్డి బయటికే రానప్పుడు అది గొట్టములో మరువబడు ప్రమాదమే లేదు. తొందరలో గొట్టమున మిగిలిపోయిన ఇనుపకడ్డి, గుండులేని మందుతో కాల్చినను, బల్లెమువలె దూసికొనిపోవును. ప్రాచీనయుద్ధములను వేడుకగ ప్రదర్శించు సంఘములవారు పాశ్చాత్యదేశములలో గుండులేని మందును కడ్డితో దట్టించుటనే నిషేధించుటకు కారణ మిదియే.

షార్ప్ దళమువారి బేకరు రైఫిలు మరియొక జాతికి చెందినది. లండనులోని ఆయుధకారుడు ఎజికీల్ బేకరు రూపొందించిన నమూనా 1800లో ఎన్నుకొనబడెను. గొట్టము ముప్పది అంగుళములు. లోపల ఏడు చాళ్లు, మొత్తము పొడవున పావుచుట్టు మాత్రము మెలితిరిగినవి. జిడ్డు పూసిన గుడ్డ లేక తోలుముక్కలో చుట్టిన గుండు ఆ చాళ్లను గట్టిగ పట్టుకొని, మూతివద్దకు వచ్చునప్పటికి తన చుట్టు తాను తిరుగుచుండును. తిరుగు వస్తువు తన అక్షపు దిక్కును సులభముగ విడువదు. కాని సంగతి యింతమాత్రము కాదు. నున్నని గొట్టములోని గుండుకూడ తిరుగును, గోడకు ఏ ప్రక్క రాచుకొన్నదో దాని ననుసరించి ఏ దిక్కుననో తిరుగును, ఆ తిరుగుడువలన గాలి దాని నొక ప్రక్కకు త్రోయును. దీనిని శాస్త్రరీత్యా నిరూపించినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో ఫిరంగివిద్యపై నూతనసూత్రముల గ్రంథమును వెలువరించిన ఈ గణితవేత్త, ఒక తుపాకి గొట్టపు కొనను ఎడమకు వంచి కాల్చి చూపెను. గుండు మొదట ఎడమకే బయలుదేరి, పిదప అందరు ఆశ్చర్యపడునట్లు కుడికి వంగి తగిలెను. వంకరగొట్టమున గుండు కుడిగోడను రాచుకొని తిరుగుటయే యందులకు హేతువు. గురి తప్పుటకు కారణము తిరుగుడే. ఆ తిరుగుడును పోవు దిక్కునకు అనుగుణముగ కట్టుపరచినచో గురి కుదురుటకును కారణ మదియే యని రాబిన్స్ చెప్పెను. ఈ మహనీయుడు కంపెనీ కోటల నిర్మాణమునకై మన చోళమండల తీరమునకు వచ్చి, కడలూరు సమీపమున సెయింట్ డేవిడ్ కోటలో 1751లో దేహము చాలించెను.

బేకరు రైఫిలును దట్టించుటకు బలమును ఓర్పును కావలెను. మొదట సైనికులకు గుండును కొట్టి దింపుటకై చిన్న కొయ్యసుత్తులుగూడ ఇచ్చిరి. నున్నని తుపాకి మూడు మారులు మ్రోగునంతలో ఇది రెండు మారులు మ్రోగిన గొప్ప. అందుకు ప్రతిఫలముగ ఇన్నూరు గజముల దూరమున గురి దక్కును. 1809 జనవరి 3వ తేదీన కకబెలోస్ అను స్పెయిను గ్రామమువద్ద టామ్ ప్లంకెట్ అను రైఫిలు సైనికుడు ఫ్రెంచి సేనాని కోల్బేరును దూరమునుండి కొట్టి పడవేసిన కథ ఆ పటాలమువారు తరతరములుగ చెప్పుకొన్నది. ఒక్కొక్కడు చెట్టుచాటున చేరి, తనకై తాను గురి యెంచుకొని కాల్చు షార్ప్ దళపు యుద్ధరీతిని ఎఱ్ఱకోటుల గోడవంటి వరుసల ప్రక్కన నిలిపి చూపుట ఆ చిత్రముల ఘనత. రెండు తుపాకుల రెండు స్వభావములు అచట రెండు జాతుల మనుష్యులను తీర్చినవి.

ఇక హార్పరు చేతి తుపాకి. జేమ్స్ విల్సన్ అనువాడు 1779లో ప్రతిపాదింపగా, హెన్రీ నాక్ అను ఆయుధకారుడు తయారుచేసిన యీ తుపాకికి నడుమ నొకటి, దాని చుట్టు ఆరు, వెరసి ఏడు గొట్టములు. ఒక్క మీటతో ఏడును ఒక్కసారి మ్రోగును. ఓడ కొయ్యలపై నెక్కిన నావికులు శత్రువుల ఓడబల్లపై గుండ్లవాన కురిపించుటకై దీనిని ఉద్దేశించిరి. ఒక్కొక్క గుండు వ్యాసము 0.46 అంగుళము, సీసపు సాంద్రతతో లెక్కింపగా ఒక్కొక్కటి సుమారు తొమ్మిదిన్నర గ్రాములు, ఏడును కలిసి 66 గ్రాములు. బ్రౌన్ బెస్ గుండు సుమారు 32 గ్రాములు మాత్రమే. అనగా ఒక్క మీటకు రెట్టింపునకు మించిన సీసము బయలుదేరును. ముందుకు పోవు ద్రవ్యవేగ మెంతయో వెనుకకు వచ్చునదియు అంతయే యనునది న్యూటను నియమము. కావున ఆ తన్ను సామాన్యుని భుజము భరింపదగినది కాదు. పైగా తెరచాపలకును త్రాళ్లకును నిప్పంటుకొనునను భయ మొకటి. 1804 నాటికి నావికాదళము దీనిని విడిచెను. 1809లో స్పెయినులో నడచు కథయందు ఇది యుండుట నవలాకారుడు తీసికొన్న స్వేచ్ఛ. మిగిలిపోయిన తుపాకి యొకటి బలాఢ్యుడైన యొకని చేత చిక్కియుండుట అసంభవము కాదు గావున ఆ స్వేచ్ఛను నేను తప్పుపట్టను.

కాని తెరమీద ఆ తన్ను ఎక్కడిది? గుండులేని మందు కాల్చినపుడు వెలువడునది వాయువును పొగయు మాత్రమే. ముందుకు పోవు బరువు లేదు గావున వెనుకకు వచ్చు తన్నును స్వల్పమే. హార్పరు పాత్ర ధరించిన నటుడు దారా ఓమల్లీ తన భుజమును, నడుమును, మడమలను ఉపయోగించి లేని తన్నును ఉన్నట్లు చూపవలసి వచ్చినది. చారిత్రకచిత్రములలో తుపాకి పట్టిన నటుని పరీక్ష యిచటనే. మీట నొక్కిన మరుక్షణమే భుజము కదిలినచో అది తప్పు. పళ్లెపు మెరుపునకు కదలక, మూతి మ్రోతకు మాత్రమే కదలవలెను.

నల్లమందునకు ఈ పనిలో నొక సుగుణము గలదు. ఆధునికమందు బంధనములో, ఒత్తిడిలో నున్నప్పుడే వేగముగ కాలును. నల్లమందు అంత నిర్బంధము లేకున్నను చురుకుగనే కాలును. అందుచే గుండు లేకున్నను చెకుముకి తుపాకి గట్టిగనే మ్రోగును. అయినను వందలాది నటులు నిలిచిన దృశ్యమున ఆరింట నొకటి పేలకపోవుట నిర్మాతకు నష్టము. పూర్వము హాలీవుడ్‌లో దీనికొక ఉపాయము పన్నిరి. 1873 నాటి స్ప్రింగుఫీల్డు రైఫిళ్లు, వెనుకనుండి మూత తెరచి తూటా నుంచునవి, చవుకగ దొరకెడివి; వాని ప్రక్కను ఉత్త చెకుముకి యంత్రము నతికించి పూర్వకాలపు తుపాకులుగ నటింపజేసిరి. 1836 నాటి కథ చెప్పు 'ది ఆలమో' అను 1960 నాటి చిత్రమున ఇట్టివానిని శ్రద్ధగల కన్ను గుర్తింపగలదు. పళ్లెములో రంజకము లేకయే తుపాకి మ్రోగినచో లోపల తూటా దాగియున్నదనుటకు అదియే సాక్ష్యము.

నేడు పరిస్థితి మారినది. ఇటలీలో గార్దోనే వాల్ త్రోంపియా అను పట్టణమున 1957లో స్థాపింపబడిన పెదెర్సోలీ వంటి సంస్థలు పాత నమూనాలను యథాతథముగ చేసి అమ్ముచున్నవి. మన దేశపు కర్మాగారములనుండియు ఇట్టి అనుకృతులు అమెరికా కెనడాలకు విశేషముగ పోవుచున్నవి. వీనిలో పెక్కింటికి రంజకపు రంధ్రము తొలువకయే పంపుదురు. ఆ యొక్క సన్నని రంధ్రము లేనంతవరకు అది అలంకారవస్తువు. దగ్గరగ చూపు దృశ్యములకు ఇట్టి ఉక్కు తుపాకులను, దూరపు వరుసలకు కొయ్యవానిని, గుర్రముమీదినుండి పడు దృశ్యములకు మెత్తని రబ్బరువానిని వాడుట నేటి పద్ధతి. నల్లమందు కాల్చినవానిని నాటి సాయంకాలమే వేడినీటితో కడిగి నూనె పూయవలెను. మసిలోని లవణములు గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో గొట్టమును తుప్పుపట్టించును.

గుండు లేదు గావున హాని లేదనుకొనుట మాత్రము ఘోరమైన భ్రమ. మూతినుండి వెలువడు వాయువు కొన్ని అడుగులవరకు గాయపరచగలదు. కాలని మందురేణువులు చర్మమున దిగబడును. తూటా మూసిన అట్టముక్క గుండువలెనే పోవును. చెకుముకి తుపాకికి వేరొక గుణము గూడ కలదు: రంధ్రమునుండి కుడిప్రక్కకు మంట చిమ్మును, కుడివైపున నిలిచినవాని ముఖమునకు నేరుగ తగులును. నిప్పు కనికలు గొట్టములో మిగిలియుండగా సీసానుండి నేరుగ మందు పోసినచో సీసాయే ప్రేలును. అందుకే కొలిచి చుట్టిన కాగితపు తూటాలనే వాడుదురు, కాల్పునకు కాల్పునకు నడుమ నిలుపుదురు. ఆధునిక తూటాలతోనైనను ప్రమాదమింతే. 1984 అక్టోబరులో జాన్ ఎరిక్ హెక్సమ్ అను యువనటుడు గుండులేని తూటా గల రివాల్వరును కణతకానించుకొని మీట నొక్కి ప్రాణము పోగొట్టుకొనెను. 1993 మార్చి 31న 'ది క్రో' చిత్రీకరణలో బ్రాండన్ లీ, గొట్టమున ముందే చిక్కుకొనియున్న గుండును వెనుకనుండి ఉత్తతూటా త్రోయగా మరణించెను. 2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో 'రస్ట్' అను పందొమ్మిదవ శతాబ్దపు కథను చిత్రించుచుండగా, పాతకాలపు కోల్టు రివాల్వరు అనుకృతిలో నిజమైన తూటా చేరియుండి, ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించినది. ఆయుధముల బాధ్యత వహించిన వ్యక్తికి 2024లో శిక్ష పడినది. ఈ మూడింటిలోను తుపాకి తన స్వభావమును తప్పలేదు. మనుష్యులే దానిని తుపాకిగ చూచుట మానిరి.

మన తెలుగుతెరకును ఇట్టి తుపాకులతో నిమిత్తము కలదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును 1964లోను, 1922లో పోలీసుఠాణాలపై దాడిచేసి 26 తుపాకులను 2500 తూటాలను వశపరచుకొన్న అల్లూరి సీతారామరాజు చరిత్రమును 1974లోను, 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును 2019లోను మనవారు చిత్రములుగ తీసిరి. ఈ మూడు కాలములును మూడు వేర్వేరు ఆయుధయుగములు: వత్తితుపాకియు చెకుముకియు కలిసియుండిన కాలమొకటి, వెనుకనుండి తూటా దూర్చు రైఫిలు కాలమొకటి, చెకుముకి తొలగుచుండిన కాలమొకటి. ఒకే ప్రాపర్టీ గదిలోని తుపాకులతో మూడును జరిగిపోవు ననుకొనరాదు. ఇకముందు ఇట్టి కథలను తెరకెక్కించు దర్శకనిర్మాతలకు నా విన్నప మిది: చిత్రణకు ముందే ఆ యేటి, ఆ పటాలపు తుపాకి యేదియో విచారింపుడు, కథానాయకుడు ఒకసారి కాల్చిన తుపాకిని మరల దట్టింపక కాల్చునట్లు చూపకుడు, మంటను కంప్యూటరుతో గీయించినను పళ్లెమునకొకటి, మూతికొకటి రెండుగ గీయింపుడు, నిజమైన మందు వాడక తప్పనిచో, దర్శకుని మాటనైనను కాదని కెమెరాను ఆపగల అధికారము గల ఆయుధనిపుణు నొకని మొదటిదినము నుండియే నియమింపుడు.